పుట్టు వెంట్రుకలు

10 ఫిబ్రవరి 2025, సోమవారం. 180వ రోజు.

ఇంకో నాలుగు రోజుల్లో నాకు ఆరు నెలలు నిండుతాయట. ఇది అవ్వ లెక్క. నా లెక్కలో నాకు ఇరవై నాలుగేళ్ళు. అవ్వ నా లెక్క ఒప్పుకోదు.

తప్పు డాక్టరుగారిది. ఆగస్టు పద్నాలుగున తమ్ముడు జీవా మూలకణాలు నాకు ఎక్కించారు. ఆ రోజు గాజు తలుపు అవతల నిలబడ్డ మావాళ్ళకు డాక్టర్ కళైసెల్వి ధైర్యం చెప్పబోయి, "ఈ అమ్మాయి ఇవాళ కొత్తగా పుట్టిందనుకోండి. చిన్నప్పుడు వేసిన టీకాలు కూడా అన్నీ మళ్ళీ వెయ్యాలి" అన్నారు. ఇలాంటి మాట మా అంజలమ్మవ్వ ముందు అనకూడదు. అవ్వ వెంటనే గోడ గడియారం చూసి టైము కనుక్కుంది. జాతకం రాయించడానికి.

మూడో నెలలో నేను వాంతి చేసుకోకుండా గంటసేపు కూర్చుంటే, బిడ్డ తల నిలిపిందని పక్కింటికి చెప్పింది. ఐదో నెలలో నేను బోర్లా పడుకుని పుస్తకం చదువుకుంటుంటే చూసి ఒబ్బట్లు చేయించి వీధంతా పంచింది. నాకు పెట్టలేదు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఒబ్బట్టు ఎవరైనా పెడతారా అంది.

ఈ నోటుబుక్కు ఇవాళే మొదలుపెట్టాను. తెలుగులో రాయడానికి కారణం ఒకటే. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, తరాలుగా తమిళనాడులో ఉండడంతో చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. అప్పాకు, అమ్మకు తమిళం, జీవాకు ఇంగ్లీషు, అవ్వకు ఏదీ లేదు. నాకు మాత్రం కోయంబత్తూరు కాన్వెంటులో, గుంటూరు నుంచి వచ్చిన సిస్టరు ఒకామె నేర్పింది. ఆటల పీరియడులో లైబ్రరీలో దాక్కునే పిల్లను చూసి జాలిపడి అక్షరాలు దిద్దించింది. మిగతాది పుస్తకాలు నేర్పాయి. అందుకే నేను రాస్తే పుస్తకంలా వస్తుంది, నోరు తెరిస్తే మా అవ్వలా వస్తుంది.

ఈ అక్షరాలు అవ్వ ఒక పాత దేవుడి పటం కింద తప్ప ఎక్కడా చూడలేదు. నేను రోజూ దేవుడి పేరు రాస్తున్నానని ఆమె నమ్మకం. ఇందాక వచ్చి నోటుబుక్కు కళ్ళకద్దుకుని వెళ్ళింది. నేను కాదనలేదు.

11 ఫిబ్రవరి

జుట్టు స్కేలుతో కొలిచాను. ఒక అంగుళం. ఒకటింబావు అని రాయాలనిపించింది. రాయలేదు.

13 ఫిబ్రవరి, గురువారం

నా జుట్టు మునుపు నిటారుగా ఉండేది. ఇప్పుడు వస్తున్నది ఉంగరాలుగా వస్తోంది. కీమో తరువాత కొందరికి అలా వస్తుందట. చూస్తే ఎవరో అనిపిస్తుంది. ఆ ఎవరో నాకంటే కొంచెం బాగుంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పొద్దున అవ్వ పిలిచింది.

"పరమే, ఈడ రా. తల వంచు."

వంచాను. అవ్వ చెయ్యి అటూ ఇటూ తిరిగి ఆగింది.

"కర్పగం! వచ్చి చూడు. పుట్టు వెంట్రుకలు!"

"అవి మామూలు వెంట్రుకలే అత్తా" అంది అమ్మ వంటింట్లోంచి.

"పుట్టినాక మొదట వచ్చేవి పుట్టు వెంట్రుకలు కాకపోతే ఇంకేమి? ఇవి కులదేవత సొత్తు. దీనివి కావు. ఇచ్చేయాల."

"అవ్వా, దానికి మారింది రక్తమే. తల పాతదే" అన్నాడు జీవా.

"నువ్వు సుమ్మా ఊరకుండు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని మొక్కుకుంటి. నువ్వా మొక్కుకుంటివి?"

పదకొండు గంటలకల్లా పొల్లాచ్చికి ఫోను వెళ్ళింది. మావాళ్ళలో పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. నా మేనమామ తిరుమలసామి. కొబ్బరి వ్యాపారం, యాభై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. అవ్వ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడుతుంది.

"కండిప్పా, తప్పకుండా వస్తానత్తా. మామన్ ఒడి అంటే మామన్ ఒడే. వేరే ఎవర్నీ కూర్చోనీయను. బిడ్డ ఎంత బరువు ఉండాది?"

"నలభై రెండు కిలోలు" అంది అమ్మ.

లైను తెగిందనుకున్నాం.

"సరి, పరవాలే" అన్నాడు మామ. "నేను ప్రాక్టీసు చేస్తా."

14 ఫిబ్రవరి

నాకు ఒక్కటే అండ ఉంది. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన ఆస్పత్రి కాగితం. గుంపుల్లోకి వెళ్ళరాదు, చుట్టాలను రానీయరాదు, పచ్చివి తినరాదు, పూలు ముట్టరాదు. పంతొమ్మిది రూళ్ళు. అమ్మ వాటిని కాన్వెంటు మదరుకంటే గట్టిగా పాటిస్తుంది. కొత్తిమీర కూడా ఉడకబెడుతుంది.

చుట్టాలను రానీయరాదు! ఇరవై నాలుగేళ్ళలో నాకోసం ఎవరూ ఇంత మంచి రూలు రాయలేదు.

గుడి అంటే గుంపు. కాబట్టి గుడి లేదు. కాబట్టి గుండు లేదు. అమ్మ అవ్వతో చెప్పింది, పద్దెనిమిదో తేదీ చెకప్‌లో డాక్టరు కాగితం మారుస్తారేమో చూసి మాట్లాడుదామని.

18 ఫిబ్రవరి, మంగళవారం. 188వ రోజు.

ఆస్పత్రి.

ముందు రక్తం రిపోర్టు. నాలో ఉన్న కణాలు నూటికి నూరు జీవావే. నా పాతవి ఒక్కటి కూడా లేవు. ల్యుకీమియా లేదు. రక్తం గ్రూపు 'ఓ' నుంచి 'బి'కి మారింది. క్రోమోజోములు చూస్తే మగరక్తం అని వస్తుందట. కాగితం మీద పేరు పరమేశ్వరి, రక్తం మగవాడిది అని చూసి ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి సీసాలు మారిపోయాయనుకుని కంగారుపడి పైకి ఫోను చేసిందట. డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు.

తరువాత ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. జబ్బు సంగతి మొదటిసారి అలాగే పెట్టి చెప్పారు.

"చాలా బాగున్నావు పరమేశ్వరి. ఇక ఇంట్లో కూర్చోనక్కర్లేదు. మాస్కు వేసుకో, చేతులు కడుక్కో, బయటి తిండి ఇంకొన్నాళ్ళు వద్దు. అంతే. జూన్‌లో మళ్ళీ నీ లైబ్రరీ పనిలో చేరు. గుడికి వెళ్ళు, పెళ్ళికి వెళ్ళు. మూడు నెలల తరువాత వచ్చి చూపించు."

నేను థ్యాంక్స్ చెప్పాను. లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఎందుకో తెలియదు. ఆవిడ "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. లేదన్నాను.

అప్పా మందుల కౌంటరు క్యూలో ఉన్నాడు. జీవా కారు పెట్టడానికి చోటు దొరక్క ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాడు. గదిలోకి నేనొక్కదాన్నే వెళ్ళాను. అమ్మ ఇంటి నుంచి ఫోను చేసింది.

"ఏమి చెప్పిరి?"

"అంతా సరిగా ఉండాదంట."

"కాగితం?"

"ఇంకా మూడు నెలలు" అన్నాను.

పూర్తిగా అబద్ధం కాదు. మూడు నెలలు అన్న మాట డాక్టరుగారు అన్నారు.

19 ఫిబ్రవరి

జుట్టు కోసమే చెప్పాను. ఎవరైనా చెబుతారు.

20 ఫిబ్రవరి

జుట్టు కోసమే.

22 ఫిబ్రవరి, శనివారం

మామ వచ్చాడు. చుట్టాలను రానీయరాదు కాబట్టి అమ్మ ఆయనకు వరండాలో కుర్చీ వేసింది. నేను కిటికీ లోపల, ఆయన కిటికీ బయట. ఇద్దరికీ మాస్కులు. మధ్యమధ్య రోడ్డు మీద పోయేవాళ్ళు, జైలులో ఉన్న కూతుర్ని చూడ్డానికి వచ్చిన తండ్రిలా ఉన్నాడే అని ఆగి చూశారు.

"కణ్ణు, ఒడంబు ఎట్ల ఉండాది?" అని నా ఒళ్ళు ఎలా ఉందో ముద్దుగా అడిగాడు.

"బాగ..." అని ఆగి, "పరవాలేదు మామా" అన్నాను.

"మూడు నెలలు లేటైనా మంచిదే. నాకూ టైం దొరికె. ఇప్పుడు దినమూ పొద్దున్నే నలభై రెండు కిలోల ఎండుకొబ్బరి మూట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటా ఉండాను. ముందు రెండు నిమిషాలు. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు అయితా ఉండాది. కణ్ణన్ గడియారం చూస్తాడు."

కణ్ణన్ అంటే మామ దగ్గర మూటలు తూచే మనిషి.

"కాళ్ళు నొయ్యవా మామా?"

"నొస్తాయి. అయితే మూట కదలదు కదా. నువ్వు కదలకుండా ఉంటే పదహైదు నిమిషాలు పట్టుకుంటా."

యాభై లేతకొబ్బరికాయలు తెచ్చాడు. బయటివి కాబట్టి అమ్మ వాటిని సబ్బునీళ్ళతో కడిగించింది. కొబ్బరికాయలకు సబ్బు రాయడం మామ జీవితంలో మొదటిసారి చూశాడు. చాలాసేపు చూశాడు.

వెళ్ళేటప్పుడు కిటికీ ఊచకు చెయ్యి ఆనించి, "నువ్వు పుట్టినప్పుడు నా ఒళ్ళో కూర్చోబెట్టి వెంట్రుకలు తీసేటప్పుడు నా వేష్టి తడిపేస్తివి. ఈసారి అట్ల చేయొద్దు" అన్నాడు.

నవ్వాను. తరువాత భోజనం సయించలేదు.

25 ఫిబ్రవరి

జీవా గురించి.

మా ఇద్దరికీ ఊహ తెలిసినప్పటి నుంచి యుద్ధమే. టీవీ, ఫ్యాను, కారు ముందు సీటు, కోడికాలు. జబ్బు వచ్చాక అన్నీ ఆగిపోయాయి. ఐదు రోజులు ఇంజక్షన్లు వేయించుకుని, ఎముకల నొప్పితో దవడ బిగించుకుని, ఆరు గంటలు మెషీను పక్కన పడుకున్నవాడితో ఫ్యాను గురించి ఎలా పోట్లాడతాను? నేను అన్నీ ఇచ్చేస్తున్నాను. వాడూ ఇచ్చేస్తున్నాడు. నిన్న ఒక కోడికాలు ఇద్దరం "నువ్వు తిను" "లేదక్కా, నువ్వు తిను" అనుకుంటూ పది నిమిషాలు గడిపాం. చివరికి అవ్వ తీసుకుని తినేసింది.

వాడు మారిపోయాడు. పొద్దున ఐదింటికి లేచి పరుగెత్తుతున్నాడు. పరోటా మానేశాడు. ఓట్స్ తింటున్నాడు, గంజి తాగే ముఖంతో. బండి ముట్టడం లేదు. ఎక్కడికైనా బస్సే.

"ఏమైందిరా?" అని అడిగాను.

"ఏం లేదక్కా. నా సెల్స్ కదా నీలో ఉండేవి. నేను బాగుంటే అవీ బాగుంటాయి."

"అట్ల ఏమీ లేదు. ఇచ్చినాక అవి నావి."

"డాక్టర్ కూడా అదే చెప్పె. అయినా." ఓట్స్ గిన్నె పక్కకు జరిపి, "మళ్ళీ కావాలంటే? ఇంకా మూడు నెలలు జాగ్రత్త అన్నిందంటే ఆయమ్మకి ఏదో డౌటు ఉండాది కదా?" అన్నాడు.

నేను పుస్తకం తెరిచాను.

మూడు నెలలు ఎంతలో గడుస్తాయి.

26 ఫిబ్రవరి

రాయడానికి ఏమీ లేదు.

27 ఫిబ్రవరి

రాయడానికి ఏమీ లేదు. జుట్టు ఒకటింబావు. ఈసారి నిజంగానే.

1 మార్చి, శనివారం

అవ్వ మంచం మీద కూర్చుని వక్క కత్తిరిస్తోంది. నేను పక్కన పుస్తకం పట్టుకుని ఉన్నాను. ఉన్నట్టుండి అడిగాను.

"అవ్వా, గుండు కొడితే మళ్ళీ అంగుళం రావడానికి రెండు నెలలు పడతాది కదా?"

"ఎవరికి గుండు?"

"నాకు."

అవ్వ కత్తిరించడం ఆపింది. "నీకు పిచ్చా? పెండ్లి కావాల్సిన ఆడబిడ్డకు ఎవరన్నా గుండు కొడతారా? పూముడి చాలు. మూడు చోట్ల మూడు కత్తిరింపులు. కులదేవతకు తెలీదా ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలని?"

"ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగితివా? దేవుడి పేరు రాస్తా కూర్చొని ఉండావు. నేనెందుకు చెడపాల?"

మూడు కత్తిరింపులు. అంటే మూడు ఉంగరాలు. మిగతావన్నీ నావే.

గది నుంచి బయటికి వచ్చి అమ్మతో చెప్పేస్తే అయిపోయేది. వచ్చాను. అమ్మ కొత్తిమీర ఉడకబెడుతోంది. "ఏమి?" అంది. "మంచినీళ్ళు" అన్నాను. తాగాను. మళ్ళీ గదిలోకి వచ్చాను.

1 మార్చి, మళ్ళీ

జుట్టు కోసం కాదు.

రాసి చూసుకుంటే నిజంలానే ఉంది. జుట్టు కోసం కాదు.

బాగైపోయింది అని నేనే నోటితో చెప్పాక అది తిరిగి వస్తే? అమ్మ ఆ కాగితం చింపేసి, అప్పా తన మగ్గాల షెడ్డులో అందరికీ మిఠాయి పంచి, మామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటోలు తీసుకున్నాక, డాక్టరుగారు మళ్ళీ పెన్ను పక్కన పెడితే? రోగిగా ఉన్నంతకాలం నేను ఎవరికీ ఏ మాటా ఇచ్చినట్టు కాదు. కాగితం ఫ్రిజ్ మీద ఉన్నంతకాలం ఇంకేమీ జరగదు.

జుట్టు కోసమే అయితే ఎంత బాగుండేది.

2 మార్చి, ఆదివారం

పొద్దున స్నానాల గది కిటికీలోంచి పెరట్లో జీవా గొంతు వినిపించింది. తోలని బండిని తుడుస్తున్నాడు. ఫోను సీటు మీద స్పీకరులో ఉంది. మా వంశంలో ఎవరూ ఫోను చెవి దగ్గర పెట్టుకోరు.

అవతల హోసూరు కంపెనీ మేడం. ఇంజనీరింగు అయ్యాక వాడు వెళ్ళిన ఇంటర్వ్యూలలో ఒకటి. ఇంకా పిలుపు రాలేదని ఇంట్లో చెబుతూ వచ్చాడు.

"సండే కదా అని చూడకుండా ఫోన్ చేస్తున్నాను జీవా. జాయినింగ్ పదో తేదీ. మే దాకా ఆగమంటే మేనేజర్ ఒప్పుకోవడం లేదు. ఐదో తేదీలోగా చెప్పండి. లేకపోతే తరువాతి క్యాండిడేట్‌ని పిలుస్తారు."

"మేడం, మా అక్కకి మూడు నెలలు అబ్జర్వేషన్. నేను డోనర్. మళ్ళీ సెల్స్ అడిగితే వెంటనే ఉండాలి మేడం."

"ఇంకెవరూ లేరా ఇంట్లో?"

"ఉండారు మేడం. మ్యాచ్ అయ్యింది నేనే."

ఆమె సారీ అంది. వాడు పరవాలేదు మేడం అన్నాడు. తరువాత అదే చక్రాన్ని మళ్ళీ తుడిచాడు. మూడోసారి కూడా.

నా నోట్లో పేస్టు ఎంతసేపు ఉందో తెలియదు.

3 మార్చి, సోమవారం

చెప్పేశాను. వరుసగా రాయాలి.

రాత్రి భోజనాలు. అప్పా, అమ్మ, అవ్వ, జీవా. నాకు వేరే పళ్ళెం, వేరే గ్లాసు, కొంచెం ఎడంగా. జీవా ముందు ఓట్స్ ఉప్మా.

"డాక్టరు మూడు నెలలు అని చెప్పలే" అన్నాను.

ఎవరూ వినలేదు. నేను మాట్లాడితే మొదటిసారి ఎవరికీ వినిపించదు. కాన్వెంటులో కూడా అంతే.

"డాక్టరు మూడు నెలలు అని చెప్పలే!" అన్నాను.

ఈసారి పక్కింట్లో కూడా వినిపించి ఉండాలి. టీవీ శబ్దం తగ్గించారు.

"అంతా బాగుండాది, ఎక్కడికైనా పో అనిరి. మూడు నెలలకు చెకప్‌కు రమ్మనిరి. నేనే మార్చి చెప్పితిని."

అప్పా ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి, ఎడమ చేత్తో ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వచ్చి కూర్చున్నాడు. అన్నం కలపడం మొదలుపెట్టాడు. చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు, ముఖం ఎత్తలేదు.

అమ్మ, "పదమూడు దినాలుగా కొత్తిమీర ఉడకబెడతా ఉండానే పాపీ" అని ఏడ్చింది. కొత్తిమీర కోసమే ఏడ్చినట్టు ఏడ్చింది.

జీవా చెంచా కింద పెట్టాడు.

"నువ్వు మనిషివా?"

"జీవా..."

"పదమూడు దినాలు! ఈ జిగట తింటా ఉండాను! పరోటా అంగడి వాసన వస్తే రోడ్డు మారి పోతా ఉండాను. నువ్వు దగ్గితే నేను టాయిలెట్‌లోకి పోయి దేవుణ్ణి మొక్కుతా ఉండాను. హోసూరు ఉద్యోగం పోయె!"

"పోలే. ఐదో తేదీ దాకా టైం ఉండాది. నేను విన్నాను."

"అవతలివాళ్ళ ఫోన్లు వినేదొకటా?"

"నువ్వు స్పీకర్‌లో పెడితే ఊరంతా వింటాది! ఎందుకు చెప్పలే ఇంట్లో? నీకు త్యాగి పట్టం కావాలి. అందరూ అయ్యో జీవా, పావం జీవా అనాలి!"

"నేనా? ఆరు నెలలుగా మంచం మీద మహారాణి మాదిరి కూర్చొని ఉండేది ఎవరు?"

"నేను అడిగితినా నీ సెల్స్?"

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. అమ్మ ఏడుపు కూడా ఆగింది. నాకు చచ్చిపోవాలనిపించింది. ఇన్ని నెలల్లో మొదటిసారి నిజంగా అనిపించింది.

జీవా నన్నే చూశాడు.

"అడగలే" అన్నాడు. "అడిగింటే ఇచ్చుండను."

మొదట ఎవరు నవ్వారో గుర్తు లేదు. నవ్వుతుంటే నాకు మజ్జిగ ముక్కులోకి పోయింది. దగ్గాను. వాడు అలవాటుగా లేచి నిలబడి, మళ్ళీ గుర్తొచ్చి కూర్చుని, "దగ్గుకో. ఇంకా దగ్గు. నాకేమి" అన్నాడు.

తొమ్మిదిన్నరకు బండి తీసుకుని బయటికి పోయాడు. ఏమి తిని వచ్చాడో ఎవరూ అడగలేదు. చొక్కాకు పరోటా మీద పోసే సాల్నా కూర మరక ఉంది. నా గదిలో ఫ్యాను వేగం పెంచి, అడగకుండా, తలుపు దబాలున వేసి వెళ్ళాడు.

రెండేళ్ళ తరువాత ఇంట్లో ఒక మనిషి నాతో మామూలుగా ప్రవర్తించాడు.

4 మార్చి

జీవా హోసూరు మేడంకు ఫోను చేశాడు. పదో తేదీ వస్తానన్నాడు. ఆమె కంగ్రాట్స్ అంది, ఎందుకో నాకు కూడా చెప్పమంది.

అవ్వ నాతో మాట్లాడలేదు. దేవత పేరు చెప్పి అబద్ధమాడితే సరే, దేవతకే అబద్ధం చెబితే ఎలా అని అమ్మతో గొణిగింది. మధ్యాహ్నం నేనే వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. అందరికీ సగమే చెప్పాను, మిగతా సగం అవ్వకు చెప్పాను.

"మళ్ళీ వస్తే ఏమి చేసేది అవ్వా?"

అవ్వ నోట్లో తాంబూలం ఉంది. కిటికీ దాకా వెళ్ళి ఉమ్మి వచ్చింది.

"నాకు డెబ్బై ఎనిమిది. నాకు రావాల్సింది కూడా ఈడనే వాకిట్లో చెప్పులు విడిచి కూర్చొని ఉండాది. అందుకని నేను వక్కాకు మానితినా?"

"అది కాదు..."

"అదే. వస్తే మళ్ళీ ఆస్పత్రికి పోతాము. మళ్ళీ మొక్కుకుంటాను. నాకేమి వేరే పని ఉండాది?" ఇంకో ఆకు తీసి సున్నం రాస్తూ, "ఏడో నెల బిడ్డకు ఏమి ఆలోచనలు ఇవి" అంది.

నాకు ఊరట రాలేదు. ఆ మాటకు ఊరట వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. కానీ రాత్రి పుస్తకం మధ్యలో నిద్రపోయాను. దీపం ఎవరో ఆర్పారు.

9 మార్చి, ఆదివారం. 207వ రోజు.

గుడికి వెళ్ళి వచ్చాం.

మామ రెండు పళ్ళేల నిండా సీరు, అంటే మేనమామ సారె, తెచ్చాడు. పండ్లు, పట్టుచీర, ఎందుకైనా మంచిదని ఒక గిలక. మామ పీట మీద కూర్చున్నాడు, నేను ఆయన ఒళ్ళో. నా కాళ్ళు పీట దాటి, మంగలాయన కత్తెర డబ్బా దాటి, పక్క కుటుంబం చాప మీదికి వెళ్ళాయి. రెండు నిమిషాలకే మామ ముఖం ఎర్రబడింది.

"ఎంత ఉండావు కణ్ణు నువ్వు?"

"నలభై ఆరు మామా. ఈ మధ్య ఆకలి వేస్తా ఉండాది."

"నాలుగు కిలోలు నాకు చెప్పకుండా పెంచితిరి! కర్పగం, ఇది న్యాయమా?"

"కదలొద్దు సామి" అన్నాడు మంగలాయన. మామ కదలలేదు. కత్తెర మూడుసార్లు మోగింది. మూడు ఉంగరాలు అవ్వ కొంగులో పడ్డాయి. మామను లేపడానికి అప్పా, జీవా, మంగలాయన ముగ్గురూ కావలసి వచ్చింది.

జీవా గుడి దగ్గర నుంచే బస్సు ఎక్కాడు. "ఫ్యాను నా గదిది, మార్చి పెట్టుకోకు" అన్నాడు. సరే అన్నాను. ఇంటికి రాగానే మార్చుకున్నాను.

కానీ రాయాలనుకున్నది ఇది కాదు. దీనికి ముందు జరిగింది.

టికెట్టు కౌంటరు దగ్గర పొడవాటి క్యూ. ఏడ్చే బిడ్డలు, గంధం పూసిన గుండ్లు, ఆ బిడ్డల వెనక వాళ్ళ ఊళ్ళకు ఊళ్ళు. రెండేళ్ళలో నేను ఇంతమందిని చూడలేదు. అమ్మ వెనక నిలబడ్డాను. అమ్మ నాకంటే పొట్టి, అయినా నిలబడ్డాను. ఊచల వెనక గుమాస్తా తల ఎత్తకుండా తమిళంలో అడుగుతున్నాడు, అవ్వ తమిళంలో చెబుతోంది.

"బిడ్డ పేరు?"

"పరమేశ్వరి."

"వయసు?"

"ఏడో నెల నడుస్తోంది."

"ఎవరి ఒళ్ళో?"

"మేనమామ."

గుమాస్తా రాసుకున్నాడు. తరువాత లేచి, ఊచలకు ముఖం ఆనించి, మా చేతుల్లో చూశాడు. అవ్వ చేతిలో సంచి. అమ్మ చేతిలో పూలు. అప్పా చేతిలో కొబ్బరికాయలు.

"బిడ్డ ఎక్కడమ్మా? బిడ్డ లేకుండా టికెట్టు ఇవ్వను."

అవ్వ పక్కకు జరిగింది. అమ్మ కూడా జరిగింది. వెనక క్యూలో ఎవరో "త్వరగా" అన్నారు.

"నేనే" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. మాస్కు చూశాడు, పొట్టి జుట్టు చూశాడు. రాసిన కాగితం చూశాడు. ఆయన గొంతు మారింది. నెమ్మదిగా, పెద్దవాళ్ళు ఆస్పత్రిలో మాట్లాడే గొంతుతో, "ఒంట్లో బాగాలేదామ్మా?" అని అడిగాడు.

అమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఈ రెండేళ్ళు నా ఒంటి గురించి ఎవరు ఏమి అడిగినా అమ్మే చెప్పింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ ఆగింది. వెనక క్యూ ఆగింది. ఒక బిడ్డ మాత్రం ఆగకుండా ఏడుస్తోంది.

"బాగుండాను" అన్నాను.

తెలుగులో వచ్చింది. ఆయన తమిళాయన. అర్థమైందో లేదో తెలియదు. ముద్ర వేసి, టికెట్టు చింపి, అమ్మకు కాదు, నా చేతికి ఇచ్చాడు.